శ్రుతి కలిసినా పాడని పియానో: కడపలో ఒక పాత వాయిద్యంపై కేస్ స్టడీ

కర్నూలులో ఉంటూ హార్మోనియంలు, కీబోర్డులు బాగుచేసే నాకు పియానో పని ఏడాదికి పది పన్నెండు సార్లకు మించి రాదు. వచ్చిన ప్రతిసారీ ఫిర్యాదు ఒక్క మాటతోనే మొదలవుతుంది: శ్రుతి పోయింది. ఆ మాట పట్టుకుని వెళ్లి, తీగలన్నీ బిగించి, కూలి తీసుకుని వచ్చేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది గానీ, వాయించేవారి ముఖంలో తృప్తి కనిపించని సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. కడపలో మిషన్ కాలంనాటి ఒక ప్రార్థనాలయం నుంచి వచ్చిన ఫిర్యాదు మాత్రం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అక్కడ పియానో వాయించే టీచరమ్మ ఫోన్‌లో అన్న మాటలు నా పుస్తకంలో రాసుకున్నాను: "సుతి సరిగ్గానే ఉండాది సార్. నెల కిందటే ఒకాయన వచ్చి చేసిపోయినాడు. ఐతే అది పాడ్తా లేదు. స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడ్తాన్నట్టుండాది."

శ్రుతి కలిసిన వాయిద్యం ఎందుకు వినసొంపుగా ఉండదు అన్న ప్రశ్నకు ఇంత సూటిగా ఎదురుపడిన పని నాకు అంతకుముందు లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా నాలుగు విడతలు తిరిగి, మొత్తం పదకొండు రోజులు ఆ వాయిద్యం ముందు కూర్చుని చేసిన పనిని, అందులో నేను చేసిన ఒక తప్పుతో సహా, ఇక్కడ నమోదు చేస్తున్నాను.

వాయిద్యం, అది ఉన్న గది

అది నిలువుగా ఉండే జర్మన్ తయారీ అప్‌రైట్ పియానో. మూత మీద కంపెనీ పేరు సగం చెరిగిపోయింది. ఇప్పటి పియానోలకు 88 మెట్లు ఉంటే దీనికి 85 మాత్రమే ఉన్నాయి. ఆ లెక్కను, ఇనుప ఫ్రేము పోత తీరును బట్టి 20వ శతాబ్దపు మొదటి ఇరవై ఏళ్లలో తయారై ఉంటుందని అంచనా వేశాను. కింది పలక తీయగానే ఎలుక గూడు, దానిలో కొరికేసిన కీర్తనల పుస్తకం ముక్కలు, రెండు పాత పావలా బిళ్లలు బయటపడ్డాయి. అదృష్టవశాత్తు ఎలుకలు పైనున్న యాక్షన్, అంటే మెట్టు నొక్కితే హ్యామర్ (తీగను కొట్టే ఫెల్టు సుత్తి) కదిలించే యంత్రాంగం, జోలికి పోలేదు.

గది గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తర్వాత నన్ను దెబ్బతీసింది అదే. నేలంతా నున్నగా అరిగిన కడప బండలు. గోడలకు సున్నపు గచ్చు, పైన ఎత్తైన మద్రాసు టెర్రస్ కప్పు. తెరలు, పరదాలు ఏవీ లేవు. ఆదివారం ఆరాధనకు జంఖానాలు పరుస్తారు, మిగతా రోజుల్లో వాటిని చుట్టి మూలన నిలబెడతారు. ఖాళీ హాలులో ఒక చప్పట కొడితే ఆ చప్పుడు రెండు సెకన్ల దాకా గోడల మధ్య తిరుగుతూనే ఉంటుంది. పియానో వీపును గోడకు పూర్తిగా ఆనించి పెట్టారు.

నేను మొదటిసారి వెళ్లింది ఏప్రిల్ మధ్యలో. హాలులో వేడి 39 డిగ్రీలు, గాలిలో తేమ 24 శాతం. పియానోకు 45 శాతం చుట్టుపక్కల తేమ ఉంటే సుఖం. ఫ్యాన్లు తిరుగుతుంటే సన్నని స్వరాలు వినబడవు గనుక అవి ఆపేసి, చెమటలు కక్కుతూ పరీక్ష మొదలుపెట్టాను.

మొదటి పరిశీలన

మధ్య 'ఎ' స్వరం సెకనుకు 431 కంపనాల దగ్గర ఉంది. నెల కిందట వచ్చిన వ్యక్తి గిటారుకు వాడే ఫోన్ యాప్‌తో ఒక్కొక్క స్వరాన్నీ 440 లెక్కకు పట్టించి పోయాడట. నెలరోజుల ఎండకే అది అంత దిగింది. పియానో లోపల తీగల వెనుక ఉండే సౌండ్ బోర్డు ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్ల మందమున్న స్ప్రూస్ చెక్క. తీగ తనంతట తాను మోగితే పక్కనున్న మనిషికి కూడా సరిగ్గా వినబడదు, అంత సన్నని వస్తువు గాలిని తోయలేదు. తీగ కంపనం బ్రిడ్జి (తీగలు ఆనుకునే కర్ర దిమ్మె) మీదుగా ఈ పలకకు దిగి, పలక మొత్తం ఊగితేనే మనం పియానో శబ్దం అనుకునేది పుడుతుంది. ఈ పలక పూర్తిగా చదునుగా ఉండదు, తీగల వైపుకు కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఎండకాలంలో చెక్క ఆరి ముడుచుకున్నప్పుడు ఆ ఉబ్బు తగ్గుతుంది, తీగలు సడలుతాయి, శ్రుతి దిగుతుంది. నవంబరు వానల్లో చెక్క తేమ పీల్చుకుని ఉబ్బితే శ్రుతి పైకెక్కుతుంది. సీమలో చెక్క తలుపులు కార్తీకంలో బిగుసుకుని చైత్రంలో వదులయ్యే సంగతి అందరికీ తెలిసిందే. పియానోకు జరిగేది కూడా అదే.

పాత పియానో అనగానే సౌండ్ బోర్డు చచ్చిపోయిందని తీర్పు చెప్పడం మా వృత్తిలో ఒక చెడ్డ అలవాటు. వీపు వైపు నుంచి, పలకకు బలంగా అడ్డంగా అంటించిన పట్టీల్లో పొడవైనదాని పక్కనే ఒక నూలు దారాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి పట్టుకుని, నడుమ పలకకు దారానికి మధ్య ఎంత సందు ఉందో టార్చిలైటు వేసి చూశాను. అంత ఎండలో కూడా దాదాపు రెండు మిల్లీమీటర్ల సందు కనిపించింది. అంటే పలక ప్రాణంతోనే ఉంది. రెండు చోట్ల నెరియలు పడి ఉన్నాయి. చూడగానే భయం పుట్టే ఈ నెరియల వల్ల ధ్వనికి కలిగే నష్టం చాలా తక్కువ. అసలు బాధ ఒకచోట పట్టీ పలక నుంచి ఊడిపోవడం. కింది స్థాయిలో రెండు స్వరాలు మోగినప్పుడల్లా అది ఎండుటాకులో తేనెటీగ ఇరుక్కున్నట్టు గీ పెడుతోంది. జిగురు ఎక్కించి, మేకుతో లాగి బిగించి రాత్రంతా వదిలేస్తే మరుసటి రోజుకు ఆ గీ పోయింది.

తీగలు తుప్పు పట్టినా తెగేంతగా లేవు. తీగ చివర చుట్టి బిగించే ట్యూనింగ్ పిన్నులు ఎక్కువ భాగం బిగువుగానే ఉన్నాయి, ఏడింటికి మాత్రం లావు పిన్నులు వేయాల్సి వచ్చింది. చెక్క, ఇనుము, తీగ మూడూ ఫరవాలేదని తేలాక, గరిటె మోత ఎక్కడి నుంచి వస్తుందో వెతకడం మిగిలింది.

శ్రుతిని ఎక్కడ ఆపాలి

మొదట తేల్చుకోవలసింది 440 దాకా లాగాలా వద్దా అన్నది. తీగ బిగువు కంపనాల సంఖ్య వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఈ పియానోలో తీగలన్నింటి బిగువు కలిపి సుమారు 16 టన్నులు అనుకుంటే, 431 నుంచి 440కి లాగడమంటే ఫ్రేము మీద మరో 670 కిలోలు వేయడమే. 435 దగ్గర ఆపితే అది 300 కిలోలకు మించదు. పైగా ఈ వాయిద్యం పుట్టిన కాలంలో యూరప్‌లో నడిచిన శ్రుతి 435. ఫ్రాన్స్ దాన్ని 1859లో స్థిరపరచింది, 1885లో వియన్నాలో జరిగిన సమావేశం అదే ఖాయం చేసింది. 440 మీద అంతర్జాతీయ అంగీకారం 1939లో లండన్‌లో గానీ కుదరలేదు. ప్రార్థనాలయంలో పియానోతో కలిసి మోగేవి ఒక కీబోర్డు, ఒక గిటారు. కీబోర్డులో శ్రుతిని కొద్దిగా దించుకునే వీలుంది, గిటారు మాట చెప్పనక్కరలేదు. హార్మోనియం ఉండి ఉంటే ఈ వెసులుబాటు ఉండేది కాదు. ప్రార్థనాలయ పాస్టరు అయ్యగారికి విషయం వివరించి 435 దగ్గరే ఆపాను. అయినా రెండు తీగలు తెగాయి.

యాప్ పట్టుకుని చేసిన శ్రుతిలో ఇంకొక లోపం ఉంది, అది దిగిపోకముందు కూడా ఉండే ఉంటుంది. తీగ పూర్తిగా మెత్తనిదైతే, దాని మూల స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలు, అంటే అనుస్వరాలు, మూల స్వరానికి సరిగ్గా రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా ఉండాలి. పియానో తీగ ఉక్కు కనుక అది వంగడానికి మొరాయిస్తుంది, అందువల్ల పై అనుస్వరాలు లెక్కకంటే కాస్త ఎక్కువగా పలుకుతాయి. పొట్టి తీగలున్న అప్‌రైట్‌లో ఈ గుణం మరీ ఎక్కువ. కింది స్వరంలో ఉన్న అనుస్వరానికి పై స్వరం కలవాలంటే పై స్థాయిని లెక్కకంటే కొంచెం పైకి, కింది స్థాయిని కొంచెం కిందికి సాగదీయాలి. మంచి ట్యూనర్లు చెవితో ఇలా సాగదీస్తారన్న సంగతిని రెయిల్స్‌బ్యాక్ అనే పరిశోధకుడు 1938లోనే కొలిచి గీత గీసి చూపించాడు. ఈ పియానోలో అన్నింటికన్నా పై 'ఎ' లెక్క ప్రకారం 3,480 దగ్గర ఉండాలి. నా చెవి ఒప్పుకున్నది సుమారు 3,520 దగ్గర, అంటే అర్ధస్వరాన్ని నూరు సెంట్లుగా భాగిస్తే అందులో ఇరవై సెంట్లు ఎక్కువ. గిటారు యాప్‌కు ఇదంతా తెలియదు. ప్రతి స్వరాన్నీ విడిగా చూసి పచ్చదీపం వెలిగిస్తుంది, ఆ స్వరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడినప్పుడు పై స్థాయి నీరసంగా, వాలిపోయినట్టు వినబడుతుంది.

మధ్యస్థాయిని నేను ఎప్పుడూ శ్రుతి ఫోర్కు పట్టుకుని, విస్పందనాలు (రెండు స్వరాలు కలిసి మోగినప్పుడు శబ్దంలో వచ్చే హెచ్చుతగ్గుల అలలు) లెక్కపెట్టి పంచుకుంటాను. మధ్య 'సి'కి కింది 'ఎఫ్', 'ఎ' కలిసి మోగినప్పుడు సెకనుకు ఏడుకు కొంచెం తక్కువ విస్పందనాలు వస్తే సరి. ఒక్కొక్క అర్ధస్వరం పైకి పోయేకొద్దీ ఆ వేగం సాఫీగా పెరగాలి. ఎక్కడైనా తడబడితే ఆ స్వరాల జత మిగతావాటితో పొసగదు. ఇది పూర్తయ్యేసరికి రెండు రోజులు పట్టింది. పియానో శ్రుతి నిజంగానే బాగుపడింది. టీచరమ్మ కూర్చుని ఒక కీర్తన వాయించి, మర్యాదకు తల ఊపి, "గరిటె అట్లే ఉండాది సార్" అన్నది.

మూడు తీగల మధ్య

హార్మోనియం స్వరం తిత్తి ఊదినంతసేపూ ఒకే తీరుగా నిలుస్తుంది. పియానో స్వరం మెట్టు నొక్కిన మరుక్షణం నుంచే క్షీణించడం మొదలుపెడుతుంది, వాయించేవారు దాన్ని నిలబెట్టలేరు, పెంచలేరు. కనుక ఆ స్వరం ఎలా క్షీణిస్తుందన్న దానిలోనే ఆ వాయిద్యపు అందంలో పెద్ద భాగం ఉందని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను. ఈ పని ఆ నమ్మకాన్ని గట్టిపరచింది.

మధ్యస్థాయిలో, పై స్థాయిలో ప్రతి స్వరానికి మూడేసి తీగలుంటాయి. ఒక్క దెబ్బకు మూడూ మోగుతాయి. ఈ మూడూ ఒకే పట్టున ఊగుతున్నంతసేపు బ్రిడ్జిని అన్నీ కలిసి ఒకేవైపు తోస్తాయి, శక్తి చకచకా పలకలోకి ఖర్చయిపోతుంది, శబ్దం పెద్దగా వచ్చి తొందరగా తగ్గుతుంది. వాటి మధ్య అతి స్వల్పమైన తేడా ఉంటే కాసేపటికి ఒకటి పైకి పోతున్నప్పుడు ఇంకొకటి కిందికి వస్తుంది. బ్రిడ్జి మీద పడే తోపులు ఒకదానికొకటి విరుగుడు అవుతాయి, మిగిలిన శక్తి తీగల్లోనే నిలిచి సన్నని ధారగా చాలాసేపు కారుతుంది. పియానో స్వరం మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా, రెండు దశల్లో తగ్గడానికి కారణాల్లో ఇదొకటని గాబ్రియేల్ వైన్‌రైక్ అనే భౌతికశాస్త్రవేత్త 1977లో వివరించాడు. అంతకుముందు 1959లో ఆర్. ఇ. కర్క్ చేసిన పరిశీలనలో శ్రోతలు ఎక్కువగా మెచ్చుకున్నది మూడు తీగలూ అచ్చంగా ఒకటైన స్వరాన్ని కాదు, ఒకటి రెండు సెంట్ల తేడా ఉన్న స్వరాన్ని.

ఈ మాట విని కావాలని తేడా పెట్టే ట్యూనర్లను చూశాను. అది పొరపాటు. ఒక సెంటు అంటే మధ్య 'సి' దగ్గర ఆరేడు సెకన్లకు ఒక విస్పందనం, చేతితో అంత సన్నగా కొలిచి తప్పించడం ఎవరి వల్లా కాదు. తేడా పెట్టబోతే అయిదు సెంట్లు పడుతుంది, స్వరం వణుకుతుంది. నేను చేసేది ఇది: మధ్య తీగను స్థిరపరచి, పక్క తీగలు మోగకుండా అడ్డం పెట్టిన ఫెల్టు పట్టీ ఒక పక్క లాగి ఎడమ తీగను దానికి చేరుస్తాను. చేరుతున్నకొద్దీ వణుకు నెమ్మదించి, నెమ్మదించి, ఒక చోట పూర్తిగా ఆగిపోతుంది. అక్కడ స్వరం బిగుసుకుని, ఎవరో నోరు మూసినట్టు ఉంటుంది. పిన్నును తిప్పకుండా, దానికి తొడిగిన లివర్ మీద వేలి బరువు మాత్రం మార్చితే తీగ వెంట్రుకవాసి కదులుతుంది. అప్పుడు ఆ స్వరం తెరుచుకుంటుంది. తెరుచుకుందని చెవికి తోచిన చోట లివర్ తీసేస్తాను. తంబురా మెట్టు మీద నూలుపోగును అటూ ఇటూ జరుపుతూ నాదం విచ్చుకునే చోటు వెతకడం తెలిసినవారికి ఈ పని కొత్తగా అనిపించదు.

ఇలా ఒక్కొక్క స్వరాన్నీ రాత్రిపూట, రోడ్డు మీద ఆటోల చప్పుడు తగ్గాక చేశాను. ముందు మధ్య 'సి' ఎనిమిది సెకన్లకు చెవికి అందకుండా పోయేది. తర్వాత పదిహేను దాకా వినబడింది. కీర్తనలో దీర్ఘం తీసే చోట ఇప్పుడు ఖాళీ కనిపించడం లేదని టీచరమ్మ ఒప్పుకుంది. దెబ్బ తగిలే క్షణంలో ఉన్న కరుకుదనం మాత్రం ఇంకా పోలేదు.

హ్యామర్లు

యాక్షన్‌ను బయటికి తీసి బెంచీ మీద పెట్టి చూస్తే కారణం కంటికే కనిపించింది. పియానోను 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో తయారుచేసిన క్రిస్టోఫోరి తన హ్యామర్లకు తోలు తొడిగాడు. ఒత్తిన ఉన్ని ఫెల్టును 1826లో పాప్ అనే పారిస్ తయారీదారు ప్రవేశపెట్టాడు. ఈ పియానో ఫెల్టు మంచి నాణ్యమైనదే, పురుగు పట్టలేదు. వందేళ్ల దెబ్బలకు ఒక్కొక్క హ్యామర్ ముక్కు మీద మూడు తీగల గాట్లు పడి ఉన్నాయి. మధ్యస్థాయి 'ఎఫ్' హ్యామర్ గాటులో గోరు పెడితే గోటి తెల్లభాగమంతా దిగిపోయింది. గుండ్రంగా ఉండవలసిన ముక్కు చదునైపోయి, గాటు అడుగున ఫెల్టు నొక్కుకుని నొక్కుకుని అట్టలా అయిపోయింది. దాని మీద గోటితో కొడితే ఉన్ని చప్పుడు రాలేదు, టక్కుమన్నది.

ఇక్కడ ఫెల్టు చేసే పనిని కొంచెం వివరించాలి. మంచి ఫెల్టు నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. మెల్లగా వాయించినప్పుడు పైపొర మెత్తదనమే తీగకు తగులుతుంది, హ్యామర్ తీగతో కొంచెం ఎక్కువసేపు ఉంటుంది, పై అనుస్వరాలు అణగిపోయి స్వరం గుండ్రంగా వస్తుంది. గట్టిగా కొట్టినప్పుడు ఫెల్టు లోపలి దాకా నొక్కుకుని గట్టిపడి, పై అనుస్వరాలు రేగి స్వరం మెరుస్తుంది. ఈ స్పర్శ కాలం కింది స్థాయిలో సుమారు నాలుగు మిల్లీసెకన్లు, పై స్థాయిలో ఒకటి కూడా ఉండదు, వాయించేవారి వేలికి అందే రంగులన్నీ ఆ కాస్త వ్యవధిలోనే తేలిపోతాయి. వేలి బలం మారితే శబ్దం పెద్దదో చిన్నదో కావడమే కాక దాని రంగు కూడా మారడం పియానో ప్రత్యేకత. అట్టలా గట్టిపడిన హ్యామర్‌కు ఈ మెత్తని పొరే లేదు. మెల్లగా కొట్టినా గట్టి దెబ్బ రంగే, కాకపోతే చిన్న గొంతుతో. గరిటె మోత అంటే ఇదే.

దీనికి తోడు యాక్షన్ సర్దుబాటు పూర్తిగా చెడి ఉంది. మెట్టును నెమ్మదిగా నొక్కితే హ్యామర్ తీగకు మూడు మిల్లీమీటర్ల దగ్గరదాకా పోయి, అక్కడ పట్టు వదిలి, మిగిలిన దూరం తన వేగంతో తానే పోవాలి. ఇక్కడ కొన్ని హ్యామర్లు ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్ల ముందే పట్టు వదిలేస్తున్నాయి. అంత దూరం ఎగరాలంటే గట్టిగా కొట్టక తప్పదు. అంటే టీచరమ్మ మెల్లగా వాయించగలిగే అవకాశమే లేదు, మెల్లగా నొక్కితే స్వరం రాదు, వస్తే గట్టిగా వస్తుంది. ఏళ్ల తరబడి దీనితో వాయించి ఆమె వేళ్లకు కొట్టే అలవాటు పట్టింది. ఈ సర్దుబాటు ఒకరోజు పని, మరలు తిప్పడం తప్ప అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు. దాని ఫలితం మాత్రం నేను అనుకున్నదానికంటే ఎక్కువ.

తర్వాత గాట్లు తీశాను. ఒక సన్నని కర్రకు గరుకు కాగితం అంటించి, హ్యామర్ భుజం నుంచి ముక్కు వైపుకు, ఉల్లిపొర తీసినట్టు ఫెల్టును పొరలు పొరలుగా లాగి, ముక్కు మళ్లీ గుడ్డు మొనలా వచ్చేదాకా అరగదీయాలి. రెండు వైపులా సమానంగా తీయకపోతే ముక్కు పక్కకు వంగుతుంది, మూడు తీగలకూ ఒకేసారి తగలదు. అప్పుడు మూడు తీగలనూ ఒకటిగా కలిపిన శ్రుతి (యూనిసన్) అంతా వృథా. పై స్థాయి హ్యామర్లలో ఫెల్టే కొద్దిగా ఉంది కనుక అక్కడ గాటు పూర్తిగా పోకముందే ఆపేశాను.

ఆ తర్వాతి పని సూదులది. ఒక పిడికి మూడు సూదులు బిగించి, ముక్కును తాకకుండా, దాని రెండు భుజాల్లో లోతుగా గుచ్చాలి. బిగుసుకున్న ఉన్ని పోగులు లోపల విడిపోయి ఫెల్టుకు మళ్లీ స్ప్రింగులా ఎగిరే గుణం వస్తుంది. మా ఇంటి వైపు దూదేకులవాళ్లు గట్టిపడిన పరుపు విప్పి దూదిని ఏకడం చిన్నప్పుడు చూశాను. దూది బరువు పెరగదు, దానిలో గాలి చేరుతుంది. ఇదీ అలాంటి పనే. ఒక భుజానికి మూడు పోట్లు, యాక్షన్ లోపల పెట్టడం, ఆ స్వరాన్ని మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా వాయించి వినడం, మళ్లీ బయటికి తీయడం. నాలుగో రోజు సాయంత్రానికి ఆ హాలులో నేను విన్న శబ్దం నాకు ఎంతో నచ్చింది. పక్కనే బెంచీ మీద కూర్చుని ఇదంతా చూస్తున్న ముసలి కాపలాదారు తాత కూడా, తన చిన్నప్పుడు ఇది ఇట్లే కూనిరాగం తీసేదని అన్నాడు. అక్కడ ఆగి ఉండాల్సింది. పై రెండు స్థాయిల్లో ఇంకా కొంచెం మెరుపు మిగిలిందని మరికొన్ని పోట్లు వేశాను.

ఆదివారం

కర్నూలు చేరిన మూడో రోజు ఫోన్ వచ్చింది. "ముందు వరుసలో బాగుండాది సార్. వెనకాల కూర్చున్నోళ్లకు రాగం ఇనబడ్డం లేదంట, బుడుగు బుడుగుమంటాందంట."

తప్పు నాదే, కారణం తెలుసుకోవడానికి నాకు పెద్దగా సమయం పట్టలేదు. నేను నాలుగు రోజులూ చెవి పెట్టి విన్నది ఖాళీ హాలులో, బట్టతలలాంటి బండల మీద. రాయి, గచ్చు పై అనుస్వరాలను మింగవు, తిప్పి పంపుతాయి. ఆ హాలులో మెరుపులో కొంత పియానోది, కొంత గదిది. ఆదివారం నేల మీద జంఖానాలు, వాటి మీద రెండువందల మంది నూలు చీరలు, చొక్కాలు. బట్ట, మనిషి ఒళ్లు మొట్టమొదట మింగేది పై అనుస్వరాలనే. గది మెరుపును కూడా పియానో ఖాతాలో వేసి నేను తగ్గించినదాంట్లోంచి జనం ఇంకొంత తగ్గించారు.

సూదితో తీసిన బిగువు తిరిగి పెట్టడం తీసినంత సులభం కాదు. మళ్లీ వెళ్లినప్పుడు ముందుగా జంఖానాలు పరిపించి, యువజన కూటమి పిల్లలను ముప్పై నలభై మందిని కూర్చోబెట్టుకుని పని చేశాను. వాళ్లకు అది ఆటగా ఉండింది. పై స్థాయి హ్యామర్ల ముక్కులను సన్నటి గరుకు కాగితంతో నునుపుచేసి, వేడి ఇనుముతో ఒక్కసారి తుడిచాను. చాలావాటికి అంతే సరిపోయింది. తొమ్మిదింటికి స్పిరిట్‌లో బాగా పల్చగా కరిగించిన లక్క పాలిష్ చుక్కలు భుజాల్లో వేసి ఆరనివ్వాల్సి వచ్చింది. లక్క వేసిన ఫెల్టుకు బిగువు వస్తుంది గానీ ఉన్ని సహజ గుణం తగ్గుతుంది. వాటిలో రెండు స్వరాలు ఇప్పటికీ పక్కవాటికంటే కాస్త పొడిగా పలుకుతాయి, నాకు వినబడుతుంది.

పియానోను గోడ నుంచి ఒక అడుగు ముందుకు జరిపించి, కొద్దిగా ఏటవాలుగా పెట్టించాను. అప్‌రైట్ శబ్దంలో ఎక్కువ భాగం వీపు నుంచే వస్తుంది, దాన్ని రాతిగోడకు అదిమిపెడితే కింది స్థాయి అంతా కుండలో మాట్లాడినట్టు ఉంటుంది. ఖర్చు లేని పని ఇదొక్కటే. అన్నింటికంటే ముందు చేయాల్సిందీ ఇదే, నేను దీన్ని చివరకు చేశాను.

ఏడాది తర్వాత

ఎండకాలానికి విరుగుడుగా నేను చెప్పింది చాలా చిన్నది: మార్చి నుంచి జూన్ దాకా పియానో కింది అరలో, వెడల్పు పళ్లెంలో ఒక కాల్చిన మట్టి ముంత నీళ్లతో పెట్టడం. ముంత చెమ్మగిల్లి లోపలి గాలికి తేమ ఇస్తుంది. వానలు పట్టగానే దాన్ని తీసేయాలి, మరిచిపోతే చెక్కకు అది మేలు చేయదు. ముంత నింపే పని తాతే తన మీద వేసుకున్నాడు. అయ్యగారి చేత ఒక తేమ కొలిచే గడియారం కొనిపించి మూత లోపల తగిలించాను, ప్రతి సోమవారం అంకెను ఒక నోటుపుస్తకంలో రాస్తున్నారు.

నవంబరులో వెళ్లినప్పుడు 'ఎ' 437 దగ్గర ఉంది. మరుసటి ఏప్రిల్‌లో 433. అంటే ఎండకు, వానకు మధ్య ఊగు ఇంకా ఉంది, మొదటిసారి చూసినంత దారుణంగా లేదు. యూనిసన్లు ముప్పాతిక వంతు నిలిచాయి. హ్యామర్ల ముక్కుల మీద గాట్ల జాడ సన్నగా మొదలైంది, అది సహజమే. టీచరమ్మ వాయించే తీరు మారడం ఈ పనిలో నేను ఊహించని ఫలితం. ఒక కీర్తన రెండో చరణాన్ని ఆమె మొదటి చరణంలో సగం బలంతో వాయించింది, ఆ స్వరాలు వెనుక వరుస దాకా వెళ్లాయి. ఏడాది కిందట ఈ పియానో మీద అది సాధ్యపడేది కాదు.

పూర్తికానిది కింది స్థాయి. రాగి చుట్టిన తీగలు మొద్దుబారి, దెబ్బ పడగానే "డుబ్బు" మని ఆగిపోతున్నాయి. రాగి చుట్ల మధ్య వందేళ్ల మురికి, తుప్పు చేరి తీగ స్వేచ్ఛగా వంగలేకపోతోంది. విప్పి మెలితిప్పి దులిపితే రెండు నెలలు బాగుంది, మళ్లీ పాత స్థితికి వచ్చింది. వాటిని మార్చక తప్పదు. ఒక్కొక్క తీగ పొడవు, లోపలి ఉక్కు మందం, చుట్టు మందం, చుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మొత్తం కొలిచి కాగితం మీద గీసి పెట్టాను. కొత్త తీగలు చుట్టించడానికి కావలసిన డబ్బు సంఘం పోగుచేస్తోంది. అవి వచ్చాక ఎండాకాలంలో కాకుండా, చెక్క నిలకడగా ఉండే డిసెంబరులో ఎక్కించాలని అయ్యగారితో మాట్లాడుకున్నాం.